కరాటేలో మొదటి దెబ్బ మనది కాదు



ఈ సంవత్సరం మన హాస్టల్లో కరాటే క్లాసుకు ఆరు, ఏడు తరగతుల పిల్లలు చానామంది పేర్లు ఇచ్చినారు. చానా సంతోషం. కాని వారం తిరక్కముందే కొందరు నా దగ్గరికి వచ్చి, "అక్కా, రోజూ నిలబడేది, వంగి నమస్కారం పెట్టేది, పిడికిలి బిగించేది, ఇంతేనా? తన్నేది ఎప్పుడు నేర్పిస్తారు? పెంకులు పగలగొట్టేది ఎప్పుడు?" అని అడుగుతున్నారు. ముగ్గురైతే "ఇది మాకొద్దు" అని కబడ్డీకి పోయినారు. కబడ్డీ మంచి ఆటే, దాన్ని నేను తక్కువ చేయను. కాని కరాటే అంటే ఏమిటో తెలియకముందే వదిలేసి పోవడం చూస్తే బాధనిపించింది. అందుకే ఈసారి గోడపత్రికకు కథ ఇవ్వకుండా ఇది రాస్తున్నాను. నేను నేర్చుకోబట్టి రెండేండ్లు అయింది. నాది నల్లబెల్టు కాదు, ఆకుపచ్చ బెల్టు మాత్రమే. అయినా ముందు నడిచినవాళ్ళు వెనుక వచ్చేవాళ్ళకు దోవలో ముల్లు ఎక్కడుందో చెప్పాలి కదా.

సినిమాలో చూసే కరాటే

మనలో చానామందికి కరాటే అంటే సినిమా. హీరో గాలిలో ఎగిరి ఒక్క కాలితో నలుగురిని పడగొడతాడు. సుమన్ గారు, పవన్ కల్యాణ్ గారు నిజంగానే కరాటే నేర్చుకుని బ్లాక్ బెల్టు సంపాదించినవారు. అయినా సినిమాలో వాళ్ళు చేసేది ఫైట్ మాస్టర్ చెప్పినట్లు, కెమెరా కోసం చేసేదే. బ్రూస్ లీ బొమ్మను నోటుపుస్తకం అట్టకు అంటించుకున్నవాళ్ళు కూడా మనలో ఉన్నారు. ఆయన నేర్చింది కరాటే కాదు, చైనావాళ్ళ కుంగ్‌ఫూ. తరువాత తనదే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. "ఎంటర్ ది డ్రాగన్" 1973లో వచ్చింది, ఆ సంవత్సరమే ఆయన చనిపోయినాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సినిమాలో మనకు దెబ్బ మాత్రమే చూపిస్తారు. ఆ దెబ్బ వెనుక ఉన్న నిలబడటం, ఊపిరి, వేలసార్లు చేసిన సాధన చూపించరు. చూపిస్తే టికెట్ ఎవరూ కొనరు. మన క్లాసులో మాస్టర్ గారు చూపించేది మాత్రం ఆ వెనుక ఉన్నదే.

కరాటే ఎక్కడ పుట్టింది?

జపాను దేశానికి దక్షిణాన సముద్రంలో ఒకినావా అనే దీవి ఉంది. పూర్వం అది వేరే రాజ్యం. చైనాతో రాకపోకలు, వ్యాపారం ఉండేవి. ఆ రాకపోకల్లో చైనావాళ్ళ విద్య, ఒకినావావాళ్ళ సొంత విద్య కలిసి కరాటే అయినది. చానా కాలం గురువులు ఇండ్లలో కొద్దిమందికి మాత్రమే చాటుగా నేర్పేవారు. 1901లో అంకో ఇతోసు అనే గురువు దీన్ని షురి పట్టణంలోని ప్రాథమిక పాఠశాలలో వ్యాయామంగా ప్రవేశపెట్టినారు. చిన్నపిల్లలకు కష్టం కాకుండా ఐదు సులభమైన కటాలు ఆయనే తయారుచేసినారు. కటా అనగా ఎదురుగా మనిషి లేకపోయినా ఉన్నట్లు ఊహించుకుని, ఒక వరుసలో చేసే అడ్డములు, గుద్దులు, తన్నులు. అంటే చెల్లెళ్ళారా, కరాటే పదిమందికీ తెలిసింది బడి వల్లనే, మనలాంటి బడిపిల్లల వల్లనే.

ఆయన శిష్యుడు గిచిన్ ఫునకోషి (1868–1957). వృత్తి బడిపంతులు. చిన్నతనంలో చానా బలహీనంగా ఉండేవారట. ఒళ్ళు బాగుపడటానికి కూడా కరాటే ఆయనకు సాయపడింది. 1922లో టోక్యో నగరానికి పోయి ప్రదర్శన ఇచ్చినారు. తరువాత అక్కడే ఉండిపోయి జపాను అంతటా నేర్పినారు. ఆయన పద్ధతిని షోటోకాన్ అంటారు. మనం నేర్చుకునేది అదే. ఇంకా గోజు ర్యూ, షితో ర్యూ, వాడో ర్యూ అనే పద్ధతులు కూడా ఉన్నాయి.

మొదట్లో కరాటే అన్న మాటను "చైనా చెయ్యి" అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. తరువాత అక్షరం మార్చి "ఖాళీ చెయ్యి" అన్నారు. కర అంటే ఖాళీ, తే అంటే చెయ్యి. చేతిలో కర్ర లేదు, కత్తి లేదు. నా ఉద్దేశంలో ఇంకో అర్థం కూడా ఉంది. ఖాళీ చెయ్యి ఎవరికైనా ఉంటుంది. డబ్బున్నవాళ్ళకూ ఉంటుంది, తాండాపిల్లకూ ఉంటుంది. ఈ విద్యకు బ్యాటు కొనే పని లేదు, వలకట్టే పని లేదు.

ఇతోసు గారి ఐదు కటాలకు ఫునకోషి గారు "హెయాన్" అని పేరు పెట్టినారు. హెయాన్ అంటే శాంతి. ఈ ఐదింటిలో ఏది చూసినా మొదటి కదలిక గుద్దు కాదు, అడ్డము. అంటే ఎదుటివాడు కొట్టినప్పుడు ఆపడం. కరాటేలో మొదటి దెబ్బ అనేది లేదు అని ఫునకోషి గారు శిష్యులకు నియమం పెట్టినారు. నేను ఈ వ్యాసానికి పేరు అందుకే అట్ల పెట్టినాను.

నమస్కారము

క్లాసు నమస్కారంతో మొదలై నమస్కారంతో ముగుస్తుంది. మడమలు కలిపి, చేతులు పక్కన ఆనించి, నడుము దగ్గర వంగాలి. మొదట గురువుకు, తరువాత ఎదురుగా నిలబడిన తోటి విద్యార్థినికి. "దీనికెందుకు ఇంత టైము?" అని ఒక చెల్లెలు అడిగింది. ఎదుటి పిల్ల తన ముఖాన్ని, కడుపును నమ్మకంతో మన పిడికిలి ముందు పెడుతుంది. "నీకు దెబ్బ తగలకుండా నేను చూసుకుంటాను" అని మాట ఇవ్వడమే ఆ నమస్కారం.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన తుగ్గలికి దగ్గరలోనే, గుత్తి నుండి పత్తికొండకు పోయే దోవలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోక చక్రవర్తి శాసనాలు ఉన్నాయి. 2,200 ఏండ్ల పైమాట. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల మీద దయ చూపాలని, నిజం చెప్పాలని, శిష్యులు గురువును గౌరవించాలని ఆ బండల మీద చెక్కినారు. యుద్ధం చేసి, దాని బాధ చూసి, మారిన రాజు రాయించిన మాటలు అవి. ఒకినావా ఎక్కడ, ఎర్రగుడి ఎక్కడ! రెండు చోట్లా చెప్పింది ఒకటే. బలం ఉన్నవాడికే అణకువ ఎక్కువ కావాల.

మైదానంలోకి వచ్చేముందు

1. చేతిగోళ్ళు, కాలిగోళ్ళు కత్తిరించుకోవాలి. గోరు పొడుగుంటే పిడికిలి బిగియదు, మన అరచేతికే గుచ్చుకుంటుంది, ఎదుటి పిల్లకు గీసుకుంటుంది.

2. గాజులు, కమ్మలు, మెడలో గొలుసు, కాలిపట్టీలు తీసి పెట్టెలో పెట్టుకోవాలి. జడ గట్టిగా వేసుకుని మడిచి కట్టుకోవాలి. క్లిప్పులు వద్దు, రబ్బరు చాలు.

3. కరాటేకు చెప్పులు ఉండవు. కనుక ముందుగా అందరూ వరుసగా నడిచి పల్లేరుకాయలు, గులకరాళ్ళు, గాజుపెంకులు ఏరివేయాలి. మన నేలలో పల్లేరుకాయలకు కొదవ లేదని మీకు చెప్పనక్కరలేదు.

4. కడుపు నిండా అన్నం తిని రాకూడదు. తిన్న రెండు గంటల తరువాతే చేయాలి. అట్లని పొద్దున్నే ఏమీ తాగకుండా వస్తే కండ్లు తిరుగుతాయి. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగండి.

5. జ్వరం ఉన్నా, కడుపునొప్పి ఉన్నా, నెలసరి నొప్పి ఎక్కువగా ఉన్నా మేడంకు చెప్పి పక్కన కూర్చోండి. చూసినా నేర్చుకోవచ్చు. సిగ్గుపడవలసిన పని లేదు.

తరువాత 10, 15 నిమిషాలు ఒళ్ళు కాగనివ్వాలి. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు, చీలమండలు నిదానంగా తిప్పాలి. చలికాలం పొద్దున ఇది ఎగ్గొట్టి నేరుగా తన్ను వేస్తే తొడ కండరం పట్టేస్తుంది.

నిలబడటం

"నిలబడటం కూడా నేర్చుకోవాలా?" అంటారు. నేర్చుకోవాలి. ఇల్లు కట్టేవాడు మొదట పునాది తీస్తాడు, గోడకు సున్నం కొట్టడు.

జెన్‌కుత్సు దాచి: ఒక కాలు ముందుకు వేయాలి. రెండు పాదాల నడుమ అడ్డంగా భుజాలంత వెడల్పు ఉండాలి. తాడు మీద నడిచినట్లు ఒకే గీత మీద పెడితే పక్కకు పడిపోతారు. ముందు మోకాలు వంగాలి, వెనుక కాలు నిటారుగా ఉండాలి. బరువు ముందు కాలి మీద కొంచెం ఎక్కువ. వెనుక మడమ లేవకూడదు.

కిబా దాచి: గుర్రం మీద కూర్చున్నట్లు. పాదాలు వెడల్పుగా, వేళ్ళు నేరుగా ముందుకు, రెండు కాళ్ళ మీద సమానంగా బరువు, వీపు నిటారుగా. మొదటిరోజు ఒక్క నిమిషానికే తొడలు వణుకుతాయి. వణకనివ్వండి. వారానికి రెండు నిమిషాలు, నెలకు మూడు నిమిషాలు నిలుస్తారు. బిందె నెత్తిన పెట్టుకుని బోరు దగ్గరనుండి నడిచి వచ్చే పిల్లలకు నడుము నిటారుగా పెట్టడం ఇంకొకరు నేర్పాలా? ఆ పని మనకు ముందే వచ్చు.

పిడికిలి, గుద్దు

నాలుగు వేళ్ళు మొదట మొదళ్ళ దాకా మడవాలి, మళ్ళీ లోపలికి బిగించాలి. బొటనవేలు బయట, చూపుడువేలు, నడిమివేలు మీద అడ్డంగా వేయాలి. బొటనవేలిని లోపల దాచిపెడితే మొదటి గుద్దుకే అది బెణుకుతుంది. తగలవలసినది చూపుడువేలు, నడిమివేలు కణుపులు మాత్రమే. మణికట్టు వంగకూడదు. ముంజేయి, పిడికిలి స్కేలు పెట్టి గీసినట్లు ఉండాలి.

గుద్దును జుకి అంటారు. పిడికిలి నడుము దగ్గర, అరచేయి ఆకాశం వైపు. అక్కడినుండి నేరుగా పోయి, చివర్లో తిరిగి, అరచేయి నేలవైపు కావాలి. అదే క్షణంలో రెండో చెయ్యి వెనక్కు నడుము దగ్గరికి రావాలి. చిలికే కవ్వానికి తాడు ఒక చెయ్యి లాగితే ఇంకో చెయ్యి వదిలినట్లు. లాగే చెయ్యి బద్ధకిస్తే గుద్దే చెయ్యికి బలం రాదు. ముఖం ఎత్తులో అయితే జోదాన్, ఛాతీ, కడుపు ఎత్తులో అయితే చూదాన్, దానికింద అయితే గెదాన్.

లెక్క జపాను భాషలో చెప్తారు. ఇచి, ని, సాన్, షి, గో, రోకు, షిచి, హచి, కు, జూ. నవ్వకండి. మనం ఇంట్లో మన భాషలో, బళ్ళో తెలుగులో, హిందీ క్లాసులో హిందీలో, ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషులో లెక్కపెడుతున్నాము. ఐదోది మనకు బరువా?

అడ్డము, తన్ను

అడ్డమును ఉకె అంటారు. తలమీదికి వచ్చే దెబ్బకు ఆగె ఉకె, అంటే ముంజేయి నుదుటి మీదికి లేపడం. కిందికి వచ్చే తన్నుకు గెదాన్ బరాయ్, అంటే పిడికిలి చెవి దగ్గరనుండి మోకాలి మీదికి ఊడ్చినట్లు దించడం. పక్కనుండి ఆపేది సోతో ఉకె. ఈ మూడు బాగా వస్తే మొదటి బెల్టు పరీక్షకు సగం దోవ అయినట్లే. మొదటి కటా హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు ఉన్నాయి. అది గెదాన్ బరాయ్‌తోనే మొదలవుతుంది. ఎక్కడ మొదలుపెట్టినామో అక్కడికే వచ్చి ముగుస్తుంది. అటు ఇటు జరిగితే అడుగు సరిగా పడలేదని అర్థం. కనుక మొదలుపెట్టే చోట సుద్దముక్కతో గీత గీసుకోండి.

ముందుకు తన్నేది మే గెరి. దీనికి నాలుగు పనులు: మోకాలు లేపు, కాలు చాపు, వెనక్కు మడువు, కింద పెట్టు. కొత్తవాళ్ళు మూడోది మరిచిపోతారు. కాలు చాపి అట్లనే కింద పడేస్తారు. తన్నిన దానికంటే వేగంగా వెనక్కు తీయాలి, లేకుంటే ఎదుటివాడు కాలు పట్టుకుంటాడు. కాలివేళ్ళు పైకి లాగి, వేళ్ళ మొదట్లో ఉన్న మెత్తని భాగంతో తగలాలి.

పెంకులు, ఇటుకలు పగలగొట్టడం, సిమెంటు మీద పిడికిళ్ళతో దండీలు తీయడం మన వయసులో వద్దు. మన ఎముకలు ఇంకా పెరిగేవే.

గొంతు

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి రాస్తాను.

కరాటేలో కియాయ్ అని ఒకటి ఉంది. గుద్దు పడే క్షణంలో కడుపులోనుండి వచ్చే కేక. నాకు అన్నిటికంటే కష్టమైనది అదే. నిలబడటం నాలుగు రోజుల్లో వచ్చింది, గుద్దు వచ్చింది, కేక మాత్రం నెల దాకా రాలేదు. నోరు తెరిస్తే పిల్లికూన మాదిరి వచ్చేది. ఎందుకు రాలేదో తరువాత ఆలోచించినాను. "ఆడపిల్ల గొంతు గడప దాటకూడదు" అని పుట్టినప్పటినుండి వింటిమి. గట్టిగా నవ్వితే తిట్టు, గట్టిగా పిలిస్తే తిట్టు. మూసిపెట్టిన గొంతు మాస్టర్ గారు చెప్పంగానే తెరుచుకుంటుందా? ఒకరోజు ఆయన మమ్మల్ని మైదానం ఆ కొసన నిలబెట్టి, తాను ఈ కొసన నిలబడి, "మీ కేక నాకు వినపడేదాకా గంట కొట్టేది లేదు" అన్నారు. ఆ రోజు వచ్చింది. తరువాత ఎప్పుడూ పోలేదు.

మా అక్క సంగతి కూడా చెప్పాలి. మా తాండానుండి హైస్కూలు ఉన్న ఊరికి మూడు కిలోమీటర్లు. నడుమ వాగు, రెండు పక్కలా కంపచెట్లు. అక్క ఏడు పాసై ఎనిమిదిలో చేరింది. లెక్కల్లో నాకంటే చురుకు. ఆ దోవలో కొందరు బండి మీద వెంటపడి మాటలనేవారు. అక్క ఎవరికీ చెప్పలేదు. చెప్తే చదువు మానిపిస్తారని భయం. చివరకు వేరేవాళ్ళ నోట ఇంట్లో తెలిసింది. అక్క భయపడినట్లే జరిగింది. పుస్తకాలు అటక ఎక్కినాయి. పదహారు నిండకముందే పెండ్లి. ఇప్పుడు ఏటా మిరపకాయలు కోయడానికి చంటిబిడ్డతో గుంటూరు వైపు పోతుంది. తప్పు చేసినవాళ్ళు ఎవరో, చదువు పోయింది ఎవరిదో చూడండి.

నిరుడు దసరా సెలవుల్లో నేను ఉప్పు, నూనె తేవడానికి అదే దోవలో పోతున్నాను. ఇద్దరు బండి అడ్డంగా నిలిపినారు. ఒకడు దిగి నా వైపు వచ్చినాడు. నేను గుద్దలేదు, తన్నలేదు. ఎడమకాలు ముందుకు వేసి నిలబడినాను. రెండు అరచేతులు ఛాతీ ముందు తెరిచి పెట్టినాను. కడుపులోనుండి "దగ్గరికి రావద్దు! పక్కకు జరుగు!" అని అరిచినాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. పక్క చేనులో శెనక్కాయ చెట్లు పెరుకుతున్న ఆడవాళ్ళు ఆరుగురు ఒక్కసారి తలలెత్తి, "ఏమైందే పాపా?" అని కేకేసి గట్టు మీదికి వచ్చినారు. బండి తిప్పుకుని పోయినారు. మొత్తం జరిగింది ఒక్క నిమిషం లోపలే. ఆ తరువాత మాత్రం నా కాళ్ళు కిబా దాచిలో వణికినట్లు వణికినాయి.

ఇంటికి పోయి యాడికి, బాకు అంతా చెప్పినాను. బా చానాసేపు మాట్లాడలేదు. అక్క పుస్తకాలు నా కండ్ల ముందు మెదిలినాయి. నేనే అన్నాను: "బా, దోవ బాగలేకపోతే దోవను బాగుచేయాల గాని నన్ను నిలిపేస్తే ఎట్ల? నేను పరుగెత్తి రాలేదు, తల వంచుకుని రాలేదు. నూనె తీసుకునే వచ్చినాను." యాడి నవ్విందో ఏడ్చిందో తెలియదు. మరుసటి రోజు బా, తాండా నాయకుడు కలిసి ఊరి పెద్దల దగ్గరికి పోయి మాట్లాడినారు. సెలవులు అయిపోయినాక బా నన్ను తనే హాస్టల్‌కు తెచ్చి దిగబెట్టినాడు. ఈ ఏడు మా చెల్లెల్ని కూడా ఆరో తరగతిలో చేర్పించినాడు. కరాటే క్లాసులో రెండో వరుసలో నిలబడుతుంది, మీలో ఒకతి.

కనుక చెల్లెళ్ళారా, నాకు కరాటే ఇచ్చింది చెయ్యి కాదు, గొంతు. నిలబడే కాళ్ళు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పాలని ప్రభుత్వమే సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల శిక్షణ పెట్టింది. మంచిదే. కాని మూడు నెలలు నేర్చుకుని పెద్ద మగవాణ్ణి ఓడిస్తామని అనుకోవద్దు. నిజం నిజంగానే చెప్పుకోవాలి. నాడు నాకు సాయపడింది కేక, పక్క చేనులోని మనుషులు. ఎవరూ లేని చోటైతే చేయవలసినది ఒకటే: మనుషులు ఉన్న వైపు పరుగెత్తడం. పరుగెత్తడం ఓటమి కాదు. దెబ్బ తగలకుండా ఇల్లు చేరినవాళ్ళే గెలిచినవాళ్ళు. చెయ్యి పట్టుకుని వదలకపోతే, దోవ లేకపోతే, అప్పుడే దెబ్బ. అది కూడా విడిపించుకుని పరుగెత్తేటంత వరకే.

ఏది జరిగినా చెప్పాలి. అమ్మకు, మేడంకు, వార్డెన్ గారికి, ఎవరికైనా. చెప్పినందుకు నీ తప్పు కాదు, జరిగినందుకూ నీ తప్పు కాదు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. ఈ రెండూ నోటికి నేర్చుకోండి, ఎక్కాలు నేర్చుకున్నట్లు.

ఇంకొకటి. హాస్టల్లో బకెట్టు కోసం, కొళాయి దగ్గర వరుస కోసం, మంచం కోసం కరాటే వాడకూడదు. చిన్నపిల్లల మీద పెద్దపిల్లలు అసలే వాడకూడదు. అట్ల వాడితే మనం ఆ బండి మీద వచ్చినవాళ్ళకంటే ఏమి మేలు? గుద్దు ఎదుటి పిల్ల ఒంటికి జానెడు దూరంలో ఆపడం నేర్పిస్తారు మనకు. కొట్టడం కంటే ఆపడమే కష్టం. ఆపగలిగినవాళ్ళకే కరాటే వచ్చినట్లు.

బెల్టు గురించి

తెల్లబెల్టుతో మొదలవుతుంది. పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, చివరకు నలుపు. నేర్పేవారిని బట్టి రంగుల వరుస కొంచెం మారుతుంది. నల్లబెల్టుకు ఏండ్లు పడుతుంది. 2020 టోక్యో ఒలింపిక్స్, కరోనా వల్ల 2021లో జరిగినవి, వాటిలో కరాటే మొదటిసారి పెట్టినారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తీసేసినారు. కనుక పతకం కోసమే అయితే నేను మీకు హామీ ఇవ్వలేను.

"మనవల్ల అవుతుందా అక్కా?" అని అడిగే చెల్లెళ్ళకు మలావత్ పూర్ణ గారి పేరు చెప్తాను. నిజామాబాదు జిల్లా, మన లంబాడీ కుటుంబమే, గురుకుల పాఠశాలలో చదివిన అమ్మాయి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలేదు. ఆమె కూడా మొదటిరోజు ఎవరెస్టు ఎక్కలేదు, చిన్న బండ ఎక్కడమే నేర్చుకుంది.

తొలకరి వాన పడంగానే మన జొన్నగిరి, తుగ్గలి చేన్లకు ఎక్కడెక్కడినుండో జనం వచ్చి వజ్రాల కోసం పొద్దంతా వంగి వెతుకుతారు. దొరికేది ఎవరో ఒకరికి. మిగిలినవాళ్ళు నడుము నొప్పితో ఇంటికి పోతారు. కరాటే అట్ల కాదు. రోజూ వంగినవాళ్ళకు రోజూ కొంచెం దొరుకుతుంది. దొరికింది ఎవరూ లాక్కోలేరు.

మనవి

కబడ్డీకి పోయిన ముగ్గురు చెల్లెళ్ళారా, ఒక నెల ఓపిక పట్టి చూడండి. నెల తరువాత కూడా నచ్చకపోతే నేనే మిమ్మల్ని కబడ్డీ మేడం దగ్గరికి తీసుకుపోతాను. పొద్దున చలికి లేవలేకపోతే నన్ను పిలవమనండి, దుప్పటి లాగే బాధ్యత నాది.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపము. వాన పడిన రోజుల్లో భోజనాల హాలులో బల్లలు జరిపి అరగంట సాధన చేసుకోనివ్వవలెను. బల్లలు మళ్ళీ మేమే సర్దుతాము. అట్లే తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం పిల్లల చేత హెయాన్ షోదాన్ చేయించి వాళ్ళకు చూపించవలెను. కూతురు గట్టిగా కేకవేస్తే తిట్టకుండా చప్పట్లు కొట్టే రోజు ఒక్కటన్నా మా తల్లిదండ్రులకు రావాల.

ఇట్లు,
మీ అక్క,
తొమ్మిదవ తరగతి